అనంతపురంలో ప్లాటు కాపలా సర్వీసు: ఏడాది పైన వాడినాక నా రివ్యూ

మొదటే చెప్తున్నా, సర్వీసు పేరు రాయను. బాగున్నవీ బాగలేనివీ రెండూ రాయాలనుకుంటున్నా, వాళ్ళది చిన్న ఆఫీసు, నలుగురు పిల్లోళ్ళు కలిసి నడుపుకుంటున్నారు, తప్పులు రాసి పేరు పెడితే వాళ్ళ పొట్ట మీద కొట్టినట్టు అయితాది. ఊర్లో స్థలం ఉండి తాము మాత్రం బెంగళూరులోనో హైదరాబాద్‌లోనో ఉండేవాళ్ళు ఇట్లాంటి సర్వీసు తీసుకోవాలా వద్దా, తీసుకుంటే ఏమేం అడగాలి అనేదానికి పనికొస్తాదని రాస్తున్నా. కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

మాది అనంతపురం, నేను బెంగళూరులో ఒక ఆస్పత్రిలో నర్సుగా చేస్తున్నా. మా నాయన ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైర్ అయినాడు, 2009లో పీఎఫ్ లోను తీసి రాప్తాడు వైపు ఒక వెంచర్లో 5 సెంట్లు కొన్నాడు, 36 బై 60, ప్లాట్ నెంబర్ 47. మొదట్లో నెలకోసారి పోయి చూసి, కంప చెట్లు మొలిస్తే కొట్టించి వచ్చేవాడు. మోకాళ్ళ నొప్పులు మొదలైనాక పోవడం తగ్గింది, కరోనా టైములో పూర్తిగా ఆగిపోయింది. 2022 అక్టోబర్లో పండమేరు పొంగి కాలనీల్లోకి నీళ్ళొచ్చినప్పుడు అటుపక్కంతా మట్టి మేట వేసింది, మా హద్దు రాళ్ళు కనపడకుండా పోయినాయి, ఇంట్లో ఎవరమూ పోయి చూడలేదు.

2023 సంక్రాంతి అయిన వారానికి మా మేనత్త కొడుకు అటుగా బండి మీద పోతా ఫోన్ చేసినాడు. "వదినా, మీ ప్లాటులో ముగ్గు పోసినారే, మీరేనా ఇల్లు కట్టేది?" అని. ఆ రాత్రే బస్సెక్కినా. పొద్దున నాయనా నేనూ ఆటోలో పోయి చూస్తే ఎర్రమట్టి మీద తెల్లగా ముగ్గు గీతలు, హాలు, రెండు రూములు, ఒక మూల వంటిల్లు, తూర్పున మెట్లు, అన్నీ కొలతలేసి గీసినారు, పక్కన టిప్పర్ కంకర దించినారు. తన స్థలంలో ఎవరిదో వంటిల్లు గీసుండేది చూసి మా నాయనకి నోట మాట రాలేదు, ఆ గీత తొక్కకుండా పక్కనే నిలబడినాడు, నాకు అది ఇప్పటికీ కళ్ళముందు ఉంది.

ముగ్గు పోసినాయన చెడ్డవాడు కాదు, ఆయనా రిటైర్ అయిన ఉద్యోగే, ఆయన దగ్గరా రిజిస్టర్ దస్తావేజు ఉంది, 2017ది. ఎట్ల జరిగిందంటే, వెంచర్ వేసినోళ్ళు పట్టాదారు దగ్గర జీపీఏ (ఆయన తరఫున అమ్మే అధికారపత్రం) రాయించుకుని మాకు 2009లో ప్లాట్ నెంబర్ వేసి అమ్మినారు, కానీ రెవెన్యూ రికార్డులో మాత్రం ఆ సర్వే నెంబరు పాత పట్టాదారు పేరు మీదే ఉండిపోయింది, అడంగల్‌లో, 1-బీలో ఆయన పేరే. ఆయన పోయినాక వారసులు ఆ 1-బీ చూపించి, "మా నాయన భూమి ఇంకా మిగిలింది" అని ప్లాట్ నెంబర్ వేయకుండా సబ్ డివిజన్ నెంబరుతో (సర్వే నెంబరులో ఒక్కో ముక్కకి ఉండే నెంబరు) సెంట్ల లెక్కన ఇంకోసారి అమ్మేసినారు. మేము మధ్యలో ఒకసారి ఈసీ (ఒక స్థలం మీద ఏమేం రిజిస్ట్రేషన్లు జరిగినాయో చూపించే కాగితం) తీసుకున్నాం కూడా, ప్లాట్ నెంబర్ 47 అని కొట్టి చూస్తే మా దస్తావేజు ఒక్కటే వచ్చింది, అంతా బాగుందిలే అనుకున్నాం. సబ్ డివిజన్ నెంబరుతో వెతికి ఉంటే ఆ రెండోది అప్పుడే బయటపడేది. ఈ ఒక్క సంగతి తెలియక మేము పడిన బాధ అంతా ఇంతా కాదు.

లాయర్ చెప్పినాడు, ఆస్తి బదిలీ చట్టం అని 1882ది ఉంది, దాంట్లో 48వ సెక్షన్ ప్రకారం ఒకే ఆస్తిని ఇద్దరికి రాస్తే ముందు రాయించుకున్నోళ్ళ హక్కే ముందు నిలబడతాది, మీది గట్టి కేసు అని. గట్టి కేసే గానీ ఇంజంక్షన్ తెచ్చుకోవడం, వాయిదాలు, మా నాయన కోర్టు మెట్లు ఎక్కి దిగడం, ఏడాది పైన పట్టింది. చివరికి లోక్ అదాలత్‌లో రాజీ అయింది, వారసులు ముగ్గు పోసినాయన డబ్బు వాయిదాల్లో తిరిగి ఇచ్చేటట్టు, ఆయన మా స్థలం వదులుకునేటట్టు. ఆ తర్వాత, 2024 ఆగస్టులో, ఈ సర్వీసు తీసుకున్నాం.

వాళ్ళు ఇచ్చేది ఏందంటే, ఏడాదికి 9,600 కడితే నెలకోసారి మనిషి స్థలానికి పోయి నాలుగు మూలలా ఫోటోలు, ఒక వీడియో తీసి పంపుతాడు, మూడు నెలలకోసారి ఈసీ తీస్తారు, 22-ఎ (రిజిస్ట్రేషన్ నిషేధం ఉండే భూముల) జాబితా చూస్తారు, ఒక బోర్డు పెడతారు. సర్వే, ఫెన్సింగ్ వేరే లెక్క. సోలార్ కెమెరా కావాలంటే నెలకి 450 అద్దె.

ముందు అగ్రిమెంట్ సంగతి, ఎందుకంటే అక్కడే నాకు భయం వేసింది. వాళ్ళు ప్రింట్ చేసి ఇచ్చిన కాగితంలో "స్థలము యొక్క స్వాధీనమును సంస్థకు అప్పగించడమైనది" అని ఒక లైన్ ఉంది. ఆ పిల్లోళ్ళకి దురుద్దేశం లేదు, యాడో ఇంటి అద్దె కాగితం చూసి కొట్టుకున్నట్టుంది. మా లాయర్‌కి చూపిస్తే ఎర్ర ఇంకుతో గీకేసినాడు. స్వాధీనం అనేది ఎంత పెద్ద మాటో ఆయన చెప్పినాకే తెలిసింది. లిమిటేషన్ చట్టం ప్రకారం ప్రైవేటు స్థలంలో ఎవరైనా యజమానికి ఎదురుగా, బహిరంగంగా 12 ఏళ్ళు స్వాధీనంలో ఉంటే యజమాని కేసు వేసే హక్కే పోతాది, అట్లాంటప్పుడు స్వాధీనం అనే మాటని మనమే సంతకం పెట్టి ఇంకొకరికి రాసిస్తామా. "పర్యవేక్షణ మాత్రమే, స్వాధీనం ఎల్లప్పుడూ యజమానిదే" అని మార్పించినాం, వాళ్ళు మారుమాట లేకుండా మార్చినారు, ఇప్పుడు అందరికీ అదే ఫార్మాట్ ఇస్తున్నారంట. ఇంకోటి, సర్వే పనులకి, ఆఫీసుల్లో తిరగడానికి జీపీఏ ఇస్తే ఈజీగా ఉంటాది అక్కా అని అడిగినారు. ఇయ్యలేదు. జీపీఏ వల్ల కాలినోళ్ళం, ఇంకోసారి యాడ ఇస్తాం. సర్వే రోజు మా తరఫున నిలబడడానికి ఒక మామూలు ఆథరైజేషన్ లెటర్ ఇచ్చినా, దాంతోనే పని అయిపోయింది. దూరంగా ఉండేవాళ్ళని ఎవరైనా జీపీఏ అడిగితే, సొంత తమ్ముడైనా సరే, లాయర్‌కి చూపించకుండా ఇయ్యొద్దండి.

సర్వే బ్రహ్మాండంగా చేసినారు, ఈ రివ్యూలో నేను మనస్ఫూర్తిగా మెచ్చుకునేది ఇది. ఒక ప్రైవేట్ సర్వేయర్ని రోవర్‌తో (శాటిలైట్ సాయంతో కొలిచే మిషను) తీసుకొచ్చినారు, ఎఫ్‌ఎంబీ (సర్వే నెంబరు కొలతల పటం) నకలు, లేఔట్ ప్లాన్, మా దస్తావేజు మూడూ పక్కపక్కన పెట్టుకుని, రోడ్డు అవతల ఉండే పాత సర్వే రాయి దగ్గర నుంచి కొలుచుకుంటా వచ్చినాడు. అప్పటిదాకా మేము మాది అనుకున్న ఈశాన్యం మూల అసలుది కాదంట, నాలుగు అడుగులు అటు జరిగి ఉందంట. ఆయన చూపించిన చోట ఫీల్డ్ పిల్లోడు గడ్డపారతో తవ్వినాడు, ఒక అడుగు పోయినాక ఠంగుమని రాయి తగిలింది. మట్టి తీస్తే నీలం పెయింట్ వెలిసిపోయి 47 అని. 2009లో మా నాయన చేత్తో రాసిన అంకెలు, 7కి మధ్యలో అడ్డగీత ఉంటాది, టికెట్ల పుస్తకంలో రాసి రాసి అలవాటు. మోకాలు నొప్పి అని రెండేళ్ళుగా నేల మీద కూర్చోని మనిషి ఆ గుంత పక్కన కూర్చుండిపోయి టవల్‌తో రాయి తుడుస్తా ఉన్నాడు. ఆ పిల్లోడు "పెద్దాయనా, లేయండి, నేను కడుగుతా" అన్నా లేయలేదు.

అయితే ఒకటి తెలుసుకోండి, ప్రైవేట్ సర్వేయర్ కొలత మనకి తెలుసుకోడానికే, పక్కోళ్ళతో తగాదా వస్తే అది నిలబడదు. దానికి మీసేవలో ఎఫ్ లైన్‌కి (హద్దుల సర్వేకి) అప్లై చేసుకోవాలి, ప్రభుత్వ సర్వేయర్ పక్క హద్దుల వాళ్ళకి నోటీసులిచ్చి కొలిచి చూపిస్తాడు, ఆ రిపోర్టుకి విలువ. ఈ సంగతి సర్వీసు వాళ్ళు తమంతట తాము చెప్పలేదు, నేను అడిగితే చెప్పినారు, అది వాళ్ళు మొదటే చెప్పాల్సింది.

ఫెన్సింగ్‌కి ప్రీకాస్ట్ గోడ వేసుకోమన్నారు, 192 అడుగుల చుట్టుకొలతకి లక్షా పది వేలు చెప్పినారు. అంత పెట్టలేక రాతి కూసాలు (స్తంభాలు) పాతించినాం, ఎనిమిది అడుగులకి ఒకటి, మూలల్లో ఆనింపు కూసాలు, నాలుగు వరసలు ముళ్ళతీగ, ఒక చిన్న ఇనుప గేటు, అన్నీ కలిపి 28 వేలయింది. మాది ఎర్రనేల, రెండడుగులు దిగితే గట్టి పొర తగులుతాది కాబట్టి కూసం కదలదు, అదే తాడిపత్రి, నంద్యాల వైపు నల్లరేగడి అయితే వానకి ఉబ్బి ఎండకి పగిలి కూసాలు వాలిపోతాయి, అక్కడ కాంక్రీటు పోసి నిలబెట్టుకోవాల. కూసాలైనా గోడైనా దూకేవాడు దూకుతాడు. కంచె చేసే పని వేరే. ఖాళీగా, హద్దు లేకుండా ఉండే నేలని చూపించి "ఇది మాదే" అని అమ్మడం సులభం, గేటుకి తాళం ఉండే స్థలాన్ని కొనేవాడు తాళం ఎవరిది అని ఒక్కసారైనా అడుగుతాడు.

బోర్డు మొదట ఫ్లెక్సీది పెట్టినారు. మన దగ్గర ఆషాఢం గాలి ఎట్లుంటాదో తెలిసినోళ్ళు ఫ్లెక్సీ పెట్టరు, గాలిమరలు తిప్పే గాలి అది, రెండు వారాలకే చిరిగి కంపకి చుట్టుకుంది. మా నాయనే చెప్పినాడు, బండ మీద రాయించండి అని. తాడిపత్రి బండ ఒకటి నిలబెట్టి నల్ల ఆయిల్ పెయింట్‌తో రాయించినాం, ఎండకీ గాలికీ ఏం కాలేదు. వాళ్ళు మొదటి బోర్డు మీద దస్తావేజు నెంబర్, సంవత్సరం, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు పేరుతో సహా రాసినారు. అది నాకు నచ్చలేదు, ఆ వివరాలుంటే ఎవరైనా నకలు తీయించుకుని మన పేరు మీద దొంగ మనిషిని నిలబెట్టే దారి దొరుకుతాది. బండ మీద పేరు, ప్లాట్ నెంబర్, ఫోన్ నెంబర్, "అమ్మకానికి లేదు", అంతే రాయించినాం.

కెమెరా మాత్రం దండగ, సూటిగా చెప్తున్నా. సోలార్ ప్యానెల్, 4జీ సిమ్, ఎవరైనా కదిలితే ఫోన్‌కి అలర్ట్ వస్తాది అని చెప్పినారు. గొర్రెల మంద పోయినా అలర్టే, కంప చెట్టు ఊగినా అలర్టే, డ్యూటీలో ఉన్నప్పుడు ఫోన్ మోగి మోగి చివరికి సౌండ్ తీసేసినా, సౌండ్ తీసేస్తే ఇంక అలర్ట్ ఎందుకు. ప్యానెల్ మీద దుమ్ము పేరుకుని చార్జింగ్ అందక ఎండాకాలంలోనే ఆగిపోయింది, మబ్బు పట్టిన రోజులు కాదు, మండే ఏప్రిల్లో. ఒకసారి సిమ్ రీచార్జ్ అయిపోయి 11 రోజులు ఏ రికార్డింగూ లేదు, నేను చూసి అడిగితేగానీ వాళ్ళకి తెలియలేదు. నెల నెలా 450 తీసుకునేవాళ్ళు సిమ్ రీచార్జ్ గుర్తుపెట్టుకోకపోతే ఎట్ల. కట్టడం జరుగుతున్న చోట, సిమెంటూ కమ్మీలూ ఉండే చోట కెమెరా పనికొస్తాదేమో, ఖాళీ ప్లాటుకి వద్దు.

ఖాళీ స్థలానికి అసలు దొంగతనం జరిగేది నేల మీద కాదు, కాగితం మీద, అందుకే నేను ఈసీకే ఎక్కువ విలువిస్తా. మొదటి రెండు ఈసీలు బాగా చేసినారు, ప్లాట్ నెంబర్‌తో ఒకసారి, సర్వే నెంబర్, సబ్ డివిజన్లతో ఒకసారి వెతికి రెండూ పంపినారు. ఆ సర్వే నెంబరు ఏదన్నా సబ్ డివిజన్ 22-ఎలో పడిందేమో కూడా చూసినారు. అది నిషేధిత జాబితా, ప్రభుత్వ భూములు, డీకేటీ పట్టాలు (ప్రభుత్వం పేదలకి ఇచ్చిన భూములు), దేవాదాయం, వక్ఫ్, ఇట్లాంటివి ఉంటాయి, పక్క సబ్ డివిజన్ బదులు పొరపాటున మొత్తం సర్వే నెంబరే ఎక్కితే మన ప్లాటు కూడా రిజిస్ట్రేషన్ కాకుండా ఆగిపోతాది, అమ్ముకునే రోజు వచ్చేదాకా మనకి తెలియదు. ఇంతవరకూ బాగుంది. మూడోసారి పంపిన ఈసీ తెరిచి చూస్తే వెతికిన తేదీ మూడు నెలల వెనకది, అంటే పాత ఫైలే మళ్ళీ పంపినారు. నేను గట్టిగానే మాట్లాడినా. "అక్కా, ఫైళ్ళు కలిసిపోయినాయి, తప్పయిపోయింది" అని సాయంత్రానికి కొత్తది తీసి పంపినారు, ఆ నెల డబ్బు తగ్గించుకున్నారు. క్షమించినా గానీ నమ్మకం కొంచెం తగ్గింది నిజమే. చూడకుండా దాచుకునే కస్టమర్ అయితే ఏంది పరిస్థితి? అప్పటి నుంచి రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్లో నేనే లాగిన్ అయి ఈసీ చూసుకుంటున్నా, పెద్ద పనేం కాదు, మీభూమిలో (రెవెన్యూ రికార్డుల వెబ్‌సైట్) ఆ సర్వే నెంబరు 1-బీ కూడా చూస్తున్నా, పాత పట్టాదారు పేరు ఇంకా కదులుతోందా అని. ఖాళీ స్థలం పన్ను కూడా నాయన పేరు మీదే కడుతున్నాం, రసీదు ఉంటే హక్కు వచ్చేయదు, కానీ స్థలం మన చేతిలోనే ఉందని చూపించడానికి పనికొస్తాది, లాయర్ కేసులో మొదట అడిగింది ఆ రసీదులే, అప్పుడు మా దగ్గర లేవు.

ఇంకో పెద్ద లోటు, జాయిన్ అయ్యేటప్పుడు దస్తావేజు మొత్తం స్కాన్, నాయన ఆధార్, పాన్ అన్నీ వాట్సాప్‌లో పంపమన్నారు. దస్తావేజు మీద ఫోటో, సంతకం, వేలిముద్రలు అన్నీ ఉంటాయి కదండీ. అట్ల దస్తావేజుల మీది వేలిముద్రలు ఎత్తి రబ్బరు అచ్చులు చేసి ఆధార్ ద్వారా బ్యాంకు డబ్బులు లాగేసిన కేసులు మన తెలుగు రాష్ట్రాల్లోనే బయటపడినాయి. నేను షెడ్యూల్ పేజీ (స్థలం హద్దులు, కొలతలు ఉండేది) ఒక్కటే పంపినా, ఆధార్ మాస్క్ చేసింది ఇచ్చినా, అదే రోజు నాయన ఆధార్ బయోమెట్రిక్ లాక్ చేసినా, పెన్షన్ లైఫ్ సర్టిఫికెట్ అప్పుడు మాత్రం తీసి మళ్ళీ వేస్తాం. వాళ్ళ ఆఫీసుకి పోయినప్పుడు చూస్తే వేరేవాళ్ళ దస్తావేజు జిరాక్సులు టేబుల్ మీద టీ గ్లాసు కింద ఉన్నాయి. ఆ మాట వాళ్ళకి మొహం మీదే చెప్పినా. ఇప్పుడు బీరువా కొన్నారు, కానీ వాట్సాప్‌లో అడగడం మాత్రం ఇంకా మానలేదు.

ఇన్ని చెప్పి కూడా ఎందుకు కొనసాగిస్తున్నానంటే, ఆ ఫీల్డ్ పిల్లోడి కోసం. 2024 అక్టోబర్లో పండమేరు మళ్ళీ పొంగింది, టీవీలో మా కాలనీలు చూపిస్తా ఉంటే నాకు బెంగళూరులో కాళ్ళు చేతులు ఆడలేదు. ఎవరూ అడగలేదు, ఆ నెల విజిట్ అప్పటికే అయిపోయింది, అయినా నీళ్ళు తీసిన మర్నాడు పొద్దున ఆరున్నరకి ఆ పిల్లోడు మోకాళ్ళ దాకా బురదలో నడుచుకుంటా పోయి వీడియో పంపినాడు. "అక్కా, పడమర పక్క రెండు కూసాలు వాలినాయి, మిగతావి గట్టిగా ఉన్నాయి, ఈశాన్యం రాయి కనపడతా ఉంది, పెద్దాయనకి చెప్పండి" అని. నాయనకి ఆ వీడియో చూపించమని అమ్మకి ఫోన్ చేసినా, నాలుగుసార్లు పెట్టించుకుని చూసినాడంట. ఇంకోసారి పక్క ప్లాటు ఆయన మా గేటు లోపల గడ్డివామి వేసుకుంటానని అడిగితే "ఓనర్ని అడగాలి సామీ" అని ఆపి నాకు ఫోన్ చేసింది కూడా ఆ పిల్లోడే. ఊరికే వేసుకోనీలే అనిపిస్తాది, కానీ ఈ రోజు గడ్డివామి, రేపు పాక, ఎల్లుండి కరెంటు మీటరు. మర్యాదగానే వద్దని చెప్పినాం.

ఊర్లో నమ్మకమైన తమ్ముడో బావో ఉండి నెలకోసారి పోయి చూసేటట్టయితే ఈ సర్వీసు అవసరం లేదు, ఈసీ మీరే చూసుకోండి, సర్వే ఒకసారి చేయించి కూసాలు పాతించండి చాలు. ఎవరూ లేకపోతే తీసుకోండి. 5కి నేనిచ్చేది మూడున్నర, సర్వేకీ మనిషి విజిట్‌కీ ఐదు, కెమెరాకి ఒకటి, కాగితాల భద్రతకి రెండు.

రెన్యువల్ పోయిన నెలలో చేసుకున్నా. కెమెరా తీసేయించి, విజిట్లు నెలకి రెండు చేయించినా, ఏడాదికి 12,000 పడింది. అగ్రిమెంట్‌లో ఈసారి ఇంకో లైన్ రాయించినా, ప్రతి ఈసీ మీద వెతికిన తేదీ, ఏ ఏ నెంబర్లతో వెతికినారు అనేది రాసి సంతకం పెట్టి పంపాలని. సరే అక్కా అన్నారు, మొదటిది నిన్ననే వచ్చింది, తేదీ కొత్తదే, మూడు నెంబర్లతోనూ వెతికినారు.